పీనుగు కావలి

దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్, వెంకటాద్రి టాకీసులల్ల నేను చూసిన క్రైం సిన్మాలన్నిట్ల శవం రెండు నిమిషాలు కనబడి మాయమయ్యేది. మిగిలిందంతా హీరో ఉరుకుడే. ఆ శవాన్ని ఎవరు తవ్వి తీసిండ్రు, ఎవరు మోసిండ్రు, తెల్లారేదాక ఎవరు కావలి కూసున్నరు? ఆ లెక్క ఎవనికీ పట్టదు.

ఆ లెక్కనే పట్టుకున్న సిన్మా ఒకటి, ఎల్బీనగర్‌ల మా కిరాయి అర్రల, కోచింగుకొచ్చిన మా అక్క కొడుకు లాప్‌టాప్‌ల చూసిన. తుర్కీ దేశపుది. నూరి బిల్గే జైలాన్ తీసిన ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ అనటోలియా’. 2011ల కాన్ ఉత్సవంల గ్రాండ్ ప్రీ వచ్చింది. రెండున్నర గంటలకు పైనే. హంతకులు ముందుగాలనే దొరికిండ్రు. పోలీసులు, ప్రాసిక్యూటరు, డాక్టరు వాళ్లను బండ్లల్ల ఏసుకొని, పాతిపెట్టిన పీనుగు కోసం రాత్రంత గుట్టలెంబడి తిరుగుతరు. “మామా, కథెప్పుడు షురువయితది?” అనుకుంట మా అల్లుడు పండుకున్నడు.

నాకు నిద్ర రాలె. నల్లగొండ జిల్లాల మా నాయిన ఊరి సుంకరి. ఎవరు బాయిల పడ్డా, చెట్టుకు ఉరేసుకున్నా, పంచనామా అయ్యేదాక పీనుగు కావలి ఆయినదే. 1984ల పటేల్ పట్వారీ పదవులు పోయినయిగని ఈ కావలి మా వాడ దాటలె. జమేదారు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని “తిప్పురా” అనేటోడు. తిప్పేది మా నాయిన, రాసేది వాళ్లు. కాయితం మీద పంచుల దస్కతులుంటయి. ముట్టినోని పేరుండదు.

సిన్మాల గూడ తవ్వేటోళ్లు పారలు పట్టుకొని ఎంబడొస్తరు. వాళ్ల మాటలు తక్కువ. తీరా పీనుగు దొరికినంక, మూటగట్ట సంచి తేలేదని లొల్లి. పోస్టుమార్టంల ఊపిరిగొట్టంల మన్ను ఎల్తది. అంటే, పాతేటప్పుడు మనిషి పానంతోనే ఉన్నడు. డాక్టరు ఆ మాట రాయించడు.

అక్కడ ఆపి కూసున్న. 1989ల ఒక జీతగాని పీనుగు దొర బాయిల తేలింది. చేతులకు తాడు గుర్తులు మా నాయిన కందీలు ఎలుగుల చూసిండు. పొద్దుగాల్ల ‘కాలుజారి పడ్డడు’ అని రాసిండ్రు. “అయ్యా, చేతులు చూడుండ్రి” అన్నందుకు నాయిన చెంప పగిలింది. సిన్మాల డాక్టరు ఎందుకు దాచిండో చూసేటోళ్లే ఆలోచించుకోవాలట. గొప్ప సిన్మానే, కాదనను. కని సదువుకున్నోని మౌనానికి ఇంత లోతు వెతికేటోళ్లు, సదువురాని మా నాయిన నోరిప్పినదాన్ని ఏ లెక్కల రాస్తరు?

తెల్లారి అల్లునికి పోస్టుమార్టం ఒక్కటే పెట్టి చూపిచ్చిన, బాయి ముచ్చట చెప్పిన. శానసేపు ఏం మాట్లాడలె.

“తాత రాత్రంత ఒక్కడే కూసున్నడా మామా?”

“ఒక్కడే. కందీల్ల గాసునూనె గూడ మనింట్లదే.”