మ్యూనికు నగరపు వసంతకాలపు బీరు

ఈస్టరుకు ముందటి నలువది దినముల యుపవాసకాలమున మ్యూనికువాసులు చిక్కని బీరు త్రాగుదురనిన సోదరీమణులకు వింతగా దోచును. ఉపవాసమేమి, బీరేమి యని నేనును నవ్వితిని. 1627వ సంవత్సరమున నచ్చటికి వచ్చిన పౌలానరు సన్న్యాసులు, ఘనాహారము వర్జించిన దినములలో దీనిని ద్రవరూపమగు రొట్టెగా నెంచిరట! ఆ సాల్వటోరు బీరును నేటికిని నోఖెర్‌బెర్గు గుట్టమీది శాలలో లీటరు పట్టు మట్టిముంతలతో నిత్తురు. సామాన్యమగు బీరున మద్యసారము నూటికి సుమారు 5 పాళ్లు, దీనియందు 7.9.

నేను వాసన మాత్రము చూచితిని. కాగుచున్న బెల్లపు పాకము జ్ఞప్తికి వచ్చినది.

మా బల్లయొద్ద వాదము ముదిరినది. మొలకగట్టించి వేచిన యవల కమ్మదనము మఱెందును లేదని యొక వృద్ధుడనెను. ఇంత తీపి పానకమునకే తగునని యొక యువకుడు మొగము చిట్లించెను. వృద్ధుని భార్య రుచినిగూర్చి యేమియు ననలేదు, ముంతనే చూచుచుండెను. అతడు రెండవదానికై చేయెత్తగా నామె యా చేతిని మెల్లగా దించినది. ఆ చూపు నేనెఱుగుదును. కల్లుకుండ యింటికి వచ్చిన సాయంకాలములందు మా మేనత్త చూపదియే.

వృద్ధుడు నవ్వి, మంచినీళ్లు తెమ్మనెను.