నేల విడవని సాము

తెలుగులో దారికి ఉన్న పేర్లలోనే ఆ దారి తీరు ఇమిడి ఉంటుంది. ఎడ్లబండ్లు నడిచి నడిచి పడినది బండ్ల బాట, చేల నడుమ కంచెల వెంట సాగేది డొంక, గోదావరి జిల్లాల్లో పొలాలకు పోయే మట్టి దారి పుంత, కంకర పరచి తారు పోయకుండా విడిచినది మెటల్ రోడ్డు, కొండను చుట్టుకుంటూ ఎక్కేది ఘాట్ రోడ్డు. ఒక్క పూట ప్రయాణంలోనే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి ఎదురయ్యే చోట, ఏదో ఒక్క దారి కోసమే తయారైన మోటారు సైకిలు సగం దూరం సుఖంగా నడిచి, మిగతా సగంలో మనిషిని ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బందిని తగ్గించడానికి పుట్టిన బండ్లను నేడు రెండు పేర్లతో పిలుస్తున్నారు. తేలికగా ఉండి, ప్రధానంగా మట్టి దారికి అనువై, రోడ్డు మీద నడవడానికి కావలసిన దీపాలూ అద్దాలూ కూడా కలిగినది 'డ్యూయల్ స్పోర్ట్' బండి. బరువుగా ఉండి, సామానుతో దూర ప్రయాణాలు చేస్తూ, అవసరమైనప్పుడు తారు దిగి మట్టిలోకీ పోగలిగినది 'అడ్వెంచర్' బండి. వీటిని కొనేవారు సాధారణంగా ముందు బండిని ఎంచుకుని, దానితో వచ్చిన టైరును ఉన్నదున్నట్లుగా స్వీకరించి, నడవబోయే నేలను గురించి చిట్టచివర ఆలోచిస్తారు. ఈ క్రమం తలకిందులైనది. నేలను బట్టి టైరునూ, టైరును బట్టి బండినీ ఎంచుకోవడమే సరైన పద్ధతి. తక్కినదంతా నేల విడిచి చేసే సాము.

ఈ మిశ్రమ ప్రయాణానికి 1980 గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ ఏడాది జర్మనీలో బి.ఎం.డబ్ల్యూ. సంస్థ 'ఆర్ 80 జి/ఎస్' అనే బండిని విడుదల చేసింది. ఆ పేరులోని రెండు అక్షరాలు రెండు జర్మన్ పదాలకు సంకేతాలు: 'గెలెండె' అంటే రోడ్డు లేని నేల, 'ష్ట్రాసె' అంటే రోడ్డు. అంతకు ముందే 1968లో యమహా 'డి.టి.-1' తేలికపాటి బండితో ఈ ఆలోచనను ప్రజలకు పరిచయం చేసినా, పెద్ద ఇంజనుతో దూర ప్రయాణాన్నీ మట్టి నడకనూ ఒకే చట్రంలోకి తెచ్చిన ఘనత జర్మన్ బండిది. 1981లోనే హ్యూబర్ట్ ఓరియోల్ అనే రేసరు బి.ఎం.డబ్ల్యూ. బండి మీద పారిస్–డాకర్ పోటీ గెలవడంతో దాని కీర్తి స్థిరపడింది. అదే 1980లో తమిళనాడులోని హోసూరు నుంచి 'టి.వి.ఎస్. 50' అనే చిన్న మోపెడ్ బయటికి వచ్చింది. దాని వారసుడైన ఎక్స్.ఎల్. 100 బరువు 90 కిలోలు దాటదు, చక్రాలు 16 అంగుళాలవే; అయినా పచ్చిగడ్డి మోపునో ఎరువుల బస్తానో మోస్తూ గట్ల వెంట, డొంకల వెంట తెలుగు రైతు దానిని నడిపినంతగా తారునూ మట్టినీ కలిపి నడిపేవారు అరుదు. ఈ రెండు బండ్లూ రెండు పాఠాలు చెబుతాయి. రెండు రకాల నేలలకూ సరిపోయేలా ఒకే బండిని మలచవచ్చన్నది మొదటిది. దిగబడిన బండిని కాలు ఆన్చి ఒంటరిగా పైకి లాగగలిగేంత తేలికతనానికి సాటివచ్చే గుణం మరొకటి లేదన్నది రెండవది.

బండి ఎంత పెద్దదైనా అది నేలను తాకేది రెండు చోట్లే, ఒక్కొక్క చోటూ సుమారు అరచేయంతే. నడిపేవాడి ప్రాణం, వెనుక కూర్చున్నవారి ప్రాణం, బ్రేకుల సామర్థ్యం, ఇంజను బలం అన్నీ ఆ రెండు అరచేతుల మీదుగానే నేలకు చేరాలి. ఆ పట్టు తారు మీద దొరికే తీరు వేరు, మట్టిలో దొరికే తీరు వేరు. తారు గట్టిది, అక్కడ రబ్బరే మెత్తబడి రోడ్డు పైనున్న సన్నని గరుకులోకి ఒదిగి అతుక్కోవాలి, కాబట్టి ఎంత ఎక్కువ రబ్బరు నేలకు ఆనితే అంత పట్టు, వాన నీరు తప్పుకోవడానికి సన్నని గాళ్ళుంటే చాలు. మట్టి మెత్తది, అక్కడ ఒదగవలసినది నేల, గుచ్చుకోవలసినది టైరు. అందుకే మట్టి టైరుకు ఎత్తైన రబ్బరు గడ్డలు దూరదూరంగా ఉంటాయి. ఈ రకాన్ని బటన్ టైరు అని కూడా అంటారు. ఆ గడ్డలు నేలలోకి దిగి గోళ్ళలా పట్టుకుంటాయి, వాటి నడుమ ఖాళీలు బురదను బయటికి విసిరేస్తాయి. మట్టిలో మేలు చేసే ఆ ఖాళీయే తారు మీద ఆనే రబ్బరును తగ్గిస్తుంది. ఎత్తైన గడ్డలు మలుపులో వంగి బండిని తూగిస్తాయి, తడి తారు మీద బ్రేకు వేసినప్పుడు ఆగే దూరాన్ని పెంచుతాయి, మన ఎండల్లో కాగిన రోడ్డు మీద త్వరగా అరిగిపోతాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్లే, ఈ రెండు గుణాలూ ఒకే టైరులో పూర్తిగా ఇమడవు. ఒకదానిని ఎంత పొందాలి, అందుకు రెండవదానిని ఎంత వదులుకోవాలి అన్నదే ఎంపికలోని అసలు ప్రశ్న.

మట్టి అన్నంత మాత్రాన మట్టంతా ఒకటి కాదు. కర్నూలు, ఆదిలాబాద్ వంటి జిల్లాల రేగడి నేల వేసవిలో నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడితే అందులోని బంకమన్ను నీరు పీల్చి ఉబ్బి, టైరు గాళ్ళన్నీ పూడ్చి, మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య గట్టిగా కూరుకుని చక్రాన్నే తిరగనివ్వదు. రోడ్డు బండ్లకు ముందు మడ్‌గార్డు టైరును అంటిపెట్టుకుని ఉంటే, మట్టి బండ్లకు అది చాలా ఎత్తున, పక్షి ముక్కులా ముందుకు చాచుకుని ఉండటానికి కారణం ఈ రకం బురదే. అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు ఎర్ర చెలకలూ, మొరం దారులూ నీటిని త్వరగా ఇంకించుకుంటాయి కాబట్టి వాన వెలిసిన కొద్ది సేపటికే మధ్యరకం టైరుకు కూడా లొంగుతాయి. అయితే ఎండిన మొరం మీది గుండ్రని గులకలు గోలీల్లా దొర్లుతూ ముందు చక్రాన్ని పక్కకు జార్చుతాయి. పెన్న వంటి ఏటి ఇసుకలో గుచ్చుకోవడం కంటె తేలడం ముఖ్యం. పాడేరు, మారేడుమిల్లి ఘాట్లలోనైతే తారు రోడ్డే తడిసి, రాలిన ఆకులతో నునుపెక్కి, మట్టి కంటె ప్రమాదకరంగా మారుతుంది. అక్కడ ఎత్తైన గడ్డల టైరు రక్షణ కాదు, అపాయం.

టైర్ల వర్ణనలో కనిపించే 80/20, 50/50 వంటి అంకెలు ఈ బేరాన్ని సూచించేవే. మొదటి అంకె రోడ్డు వాడకానికి, రెండవది మట్టి వాడకానికి గుర్తు. 80/20 అంటే నూటికి ఎనభై పాళ్ళు తారు మీద నడిచేవారి కోసం తయారైనదని అర్థం. ఇవి ప్రయోగశాలలో కొలిచిన ప్రమాణాలు కావు, తయారీదారులు తమ ఉద్దేశాన్ని చెప్పుకునే పద్ధతి మాత్రమే. కాబట్టి అంకెను నమ్మేకంటె ముందుగా నడిపేవాడు తన దారులను లెక్క వేసుకోవాలి. ఏడాదిలో రెండు వారాలు కొండల్లో తిరిగి, మిగిలిన రోజులన్నీ హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఆఫీసుకు వెళ్ళే మనిషికి 50/50 టైరు అక్కరలేని బరువు. అతనికి 80/20 రకమే క్షేమం. రోజూ ఊరి నుంచి తోటకు మొరం దారిలో పోయి వచ్చేవారికి మాత్రం గడ్డల టైరు ఖర్చుకు తగిన ఫలం ఇస్తుంది. ముందు చక్రం జారితే పడటమే తప్ప సర్దుకోవడం కష్టం, వెనుక చక్రం జారితే సర్దుకునే వ్యవధి ఉంటుంది. పైగా ఇంజను లాగుడుకు వెనుక టైరే త్వరగా అరుగుతుంది. అందువల్ల మట్టిలో తరచు తిరిగేవారు ముందు చక్రానికి గడ్డల టైరు, వెనుక చక్రానికి కొంచెం నిండైన టైరు వేసుకోవడం అనుభవం నేర్పిన మార్గం.

టైరు పక్క గోడ మీది అక్షరాలను చదవడం నేర్చుకుంటే దుకాణంలో సగం సందేహాలు తీరుతాయి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 'హిమాలయన్ 411' వెనుక టైరు మీద 120/90-17 అని ఉంటే, 120 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు, 90 అన్నది ఆ వెడల్పులో నూటికి తొంభై వంతుల ఎత్తు, అంటే 108 మిల్లీమీటర్లు, 17 అన్నది అంగుళాలలో రిమ్ము వ్యాసం. చివరి అంకెకు ముందు అడ్డగీత ఉంటే లోపలి దారపు పొరలు ఏటవాలుగా ఒకదానినొకటి దాటుతూ అల్లినవని, 'ఆర్' అన్న అక్షరం ఉంటే అవి చక్రానికి అడ్డంగా పరచిన రేడియల్ పొరలని అర్థం. ఏటవాలు పొరల టైరుకు పక్క గోడలు దృఢంగా ఉండి బరువునూ రాళ్ళనూ ఓర్చుకుంటాయి. రేడియల్ టైరు వేగంలో తక్కువ వేడెక్కి రోడ్డును నిండుగా ఆనుతుంది. తరువాత వచ్చే 54 ఎస్ వంటి గుర్తులో 54 అంటే ఆ టైరు 212 కిలోల వరకు మోయగలదని, ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని. నాలుగు అంకెల ముద్ర తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ తెలుపుతుంది. 2324 అంటే 2024లో 23వ వారం. భారతదేశంలో ద్విచక్ర వాహనాల టైరు గాడి లోతు 0.8 మిల్లీమీటరు కంటె తగ్గకూడదని చట్టం చెబుతుంది. మట్టిలో పట్టు మాత్రం ఆ హద్దుకు చాలా ముందే పోతుంది.

ఎంత చెట్టుకు అంత గాలి అన్న సామెత టైరుకూ వర్తిస్తుంది. గాలి ఒత్తిడిని పి.ఎస్.ఐ. అనే కొలతలో చెబుతారు. తారు మీద తయారీదారు పుస్తకంలో చెప్పిన అంకెను పాటించాలి. మట్టిలోకి దిగినప్పుడు కొన్ని పాయింట్లు తగ్గిస్తే టైరు మెత్తబడి, నేలను ఆనే చోటు పొడవై, ఇసుకలో తేలి, రాళ్ళ మీద కుదుపు తగ్గుతుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది, లేదా టైరు రిమ్ము మీద జారి వాల్వును తెంపేస్తుంది. తిరిగి తారెక్కగానే గాలి నింపుకోకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. కనుక గాలి కొలిచే చిన్న గేజీ, చేతి పంపు సామానులో ఉండటం ఖరీదైన టైరు కంటె ఎక్కువ మేలు చేస్తుంది.

ఈ లెక్కలన్నీ కుదిరిన తరువాతే బండి సంగతి. ముందు చక్రం వ్యాసం మొదట చూడవలసినది: 21 అంగుళాల సన్నని చక్రం గోతులనూ రాళ్ళనూ సులువుగా దాటి, బురదను కోసుకుంటూ అడుగున ఉన్న గట్టి నేలను వెదుక్కుంటుంది, 17 అంగుళాల చక్రం తారు మీద చురుకుగా మలుపు తీసుకుంటుంది, 19 అంగుళాలది ఆ రెంటికీ నడిమి దారి. హీరో 'ఎక్స్‌పల్స్ 200'కు ముందు 21, వెనుక 18 అంగుళాల చక్రాలు. 2019లో వచ్చినప్పుడు దాని బరువు 154 కిలోలు, నేల నుంచి అడుగు భాగం ఎత్తు 220 మిల్లీమీటర్లు. 2023లో వచ్చిన 'హిమాలయన్ 450'కి ముందు 21, వెనుక 17 అంగుళాలు, బరువు 196 కిలోలు. దానికి రోడ్డు మీది వేగం, సామాను మోసే శక్తి ఎక్కువ, పడినప్పుడు లేపే శ్రమ కూడా ఎక్కువే. పుంతల్లో, వాగుల్లో ఒంటరిగా తిరిగేవారికి మొదటిదీ, జతగా సామానుతో దూర రాష్ట్రాలకు పోయేవారికి రెండవదీ తగినవి. సీటు ఎత్తును కూడా కంటితో కాక కాలితో చూడాలి, ఎందుకంటే వాలు నేలలో పాదం ఆనని బండి ఆగిన మరుక్షణం ఒరుగుతుంది. చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఎ.బి.ఎస్. అనే బ్రేకు ఏర్పాటు తారు మీద ప్రాణరక్షకం. వదులు మట్టిలో మాత్రం బిగిసిన చక్రం ముందు కుప్ప పడే మట్టే బండిని ఆపడంలో తోడ్పడుతుంది కాబట్టి, వెనుక చక్రానికైనా దానిని ఆపివేసే వీలున్న బండి మేలు.

చక్రం తీరు చివరిదైనా చిన్నది కాదు. ఊచల చక్రం దెబ్బకు వంగుతుంది, తిరిగి సరిచేయవచ్చు. పోత పోసిన అల్లాయ్ చక్రం గట్టి దెబ్బకు పగిలితే మార్చవలసిందే. మామూలు ఊచల చక్రం రిమ్ముకు ఊచలు బిగించే రంధ్రాలుంటాయి, గాలి నిలవదు, అందుకే ట్యూబు కావాలి. ట్యూబు పంక్చరయితే చక్రం విప్పాలి. ట్యూబులేని టైరుకు మేకు దిగితే చక్రం విప్పకుండానే రబ్బరు పట్టీ దూర్చి నిమిషాల్లో ప్రయాణం సాగించవచ్చు. అడవి లోపల, పంక్చర్ షాపు కనుచూపు మేరలో లేని చోట ఈ తేడా గంటల తేడా అవుతుంది. ట్యూబు బండి కొనేవారు చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంటి దగ్గరే, పగటి వెలుగులో, ఒక్కసారైనా చేసి చూసుకోవడం తప్పనిసరి.

కొత్త బండి కొనదలచిన పాఠకులు దుకాణానికి పోయే ముందు నెల రోజుల పాటు తాము తిరిగిన దారులను కాగితం మీద రాసుకోవాలి: తారు ఎన్ని కిలోమీటర్లు, మొరం ఎంత, రేగడి ఎంత, వానలో ఎన్ని రోజులు, ఒంటరిగా ఎన్నిసార్లు. ఆ కాగితమే ఏ టైరు కావాలో చెబుతుంది. ఆ టైరు ఏ చక్రానికి దొరుకుతుందో చూస్తే బండి పేరు దానంతట అదే తేలుతుంది. ఇప్పటికే బండి ఉన్నవారు దానిని మార్చనక్కరలేదు, టైరు మార్చి, గాలి సరిచూసుకుంటే చాలు.