విశాఖపట్టణమున పండ్రెండు దినములు

కాశీ రామేశ్వరములను గూర్చియు, కొండలను జలపాతములను గూర్చియు సోదరీమణులు యాత్రావృత్తాంతములు వ్రాయుచునే యున్నారు. మేమిట వ్రాయబూనినది విశాఖపట్టణమందలి యొక మేడగదిని గూర్చి. మా చెల్లెలు ముక్కునకు శస్త్రచికిత్స చేయించుకొనగా, పరిచర్యకై మేమచట పండ్రెండు దినములుంటిమి.

రాజమహేంద్రవరమున రైలెక్కి, అన్నవరమున సత్యదేవుని కొండకు బండిలోనుండియే నమస్కరించి, తుని దాటి, బెల్లపు వర్తకమునకు పేరుపడిన అనకాపల్లి చేరునప్పటికి ప్రొద్దువాలెను. విశాఖలో మఱదిగారు స్టేషనునకు వచ్చి మమ్ము తోడ్కొనిపోయిరి. వారి మేడమీదినుండి సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన కొండ యొకటి కనబడును. డాల్ఫినను జలజంతువు ముక్కును పోలియుండుటచే దానికి డాల్ఫిన్స్ నోస్ అను పేరు వచ్చెను. 1957లో దానిపై కట్టిన దీపస్తంభపు వెలుగు రాత్రులయందు నావలకు దారిచూపును. “అక్కయ్యా, ఆ కొండముక్కునకు వంకలు పెట్టువారెవ్వరును లేరుగదా!” యని చెల్లెలు నవ్వబోయి, నొప్పిచే మానుకొనెను.

దాని ముక్కుదూలము నడుమ మిట్టగా నుండెడిది. పెండ్లిచూపులనాడు వినిన యొక మాట దాని మనసున ముల్లువలె నాటుకొనియుండెను. తానుద్యోగము చేసి కూడబెట్టుకొనిన ధనముతో, భర్తతో నాలోచించియే యీ పనికి పూనుకొనెను. అత్తగారికి మాత్రమిది సమ్మతము గాలేదు. “దైవమిచ్చిన మొగమును కోయించుకొందురా?” యని యామె మేడ యెక్కుటయే మానిరి.

ముక్కుపై కట్టు కదలకుండ, తల యెత్తుగా నుండునట్లు రెండు దిండ్లు వేసి వెల్లకిల పరుండబెట్టితిమి. మొదటి రెండు దినములును మంచుగడ్డలను గుడ్డలో చుట్టి, ముక్కునకు తగులనీయక చెక్కిళ్ళపై మాత్రము మాటిమాటికి నుంచితిమి. నోటితోనే యూపిరి తీయవలసి యుండుటచే పెదవులెండిపోవును. అందుచే గుక్కెడు గుక్కెడుగా నీరు, మెత్తని పెరుగన్నము, పప్పుకట్టు ఇచ్చుచుంటిమి. ముక్కు చీదరాదు, వంగి బరువులెత్తరాదు; తుమ్ము వచ్చినచో నోరు తెఱచి తుమ్మవలెను. వైద్యుడు చెప్పని మాత్ర యేదియు మ్రింగరాదు. కొన్ని నొప్పిమాత్రలు రక్తస్రావమును హెచ్చించును. జ్వరము గాని, ఆగని రక్తస్రావము గాని, నానాటికి హెచ్చు నొప్పి గాని కనబడినచో తక్షణమే వైద్యునికి తెలుపవలెను.

మూడవ దినము మిక్కిలి కష్టమయ్యెను. కనుఱెప్పలు వాచి, కన్నులక్రింద నేరేడుపండు రంగు దిగెను. మేము వంటయింటనుండగా చెల్లెలు అద్దము చూచుకొని, “అక్కయ్యా, ఉన్న ముక్కును చేజేతుల పాడుచేసికొంటిని. ఈ మొగముతో క్రిందికెట్లు దిగుదును?” అని యేడ్చెను. ఏడ్చుటయు ముక్కునకు మంచిది కాదు. వాపు రెండు మూడు దినములకు పూర్తిగా హెచ్చి పిదప తగ్గునని వైద్యులు ముందే చెప్పియుండిరి. ఆ మాట వ్రాసియిచ్చిన కాగితమును దానిచేతనే చదివించి, అద్దమును బీరువాలో నుంచితిమి.

నాటి సాయంకాలము క్రింద అత్తగారియొద్ద కూర్చుండి, మా తండ్రిగారియొద్ద చదువుకొనిన సుశ్రుతసంహిత ప్రసంగమెత్తితిమి. ముక్కు కొలతకు ఆకును కత్తిరించి, ఆ మేర చెక్కిలి మాంసమును తెచ్చి యతికి, ఊపిరికై రెండు గొట్టములుంచి, యష్టిమధుకము మొదలగు చూర్ణములు చల్లి, దూదికప్పి, నువ్వులనూనెతో తడుపుచుండవలెనని ఆ మహర్షి వ్రాసెను. కోతతోపాటు తరువాతి పరిచర్యయు నందు చెప్పబడినది. “అది ముక్కు పోయినవారి మాట గదా, అమ్మాయీ” యని యామె యడ్డు చెప్పిరి. నిజమే. “కాని అత్తయ్యగారూ, ఆ విధి యున్నది చెవులు కుట్టు అధ్యాయముననే. బిడ్డలకు చెవులు కుట్టుట రక్షకొఱకును, అలంకారము కొఱకును అని యచ్చటనే చెప్పబడినది” అంటిమి. ఆమె చేయి తన చెవితమ్మెపైకి పోయెను. బరువు దుద్దులచే చీలిన యా తమ్మెను నిరుడే యామె వైద్యునిచే కుట్టించుకొనియుండిరి. ఏమియు పలుకలేదు. మఱునాటి యుదయమున చారన్నము చేతబట్టుకొని తామే మేడ యెక్కి, కోడలి మొగమును గూర్చి యొక్క మాటయు ననక, తినిపించి దిగిపోయిరి. ఆ పూట చెల్లెలు గిన్నె ఖాళీచేసెను.

ఏడవ దినమున ఆసుపత్రిలో కట్టు విప్పిరి. ముక్కింకను లావుగానే యుండెను; కన్నులక్రింది నలుపు పసుపువన్నెకు తిరిగెను. మేము బయలుదేరునాటికి అదియు చాలవఱకు మాసెను. ముక్కుకొన వాపు పూర్తిగా తీసి నిజమైన రూపు తేలుటకు ఒక సంవత్సరము పట్టవచ్చునట. అంతవఱకు ఎండ తగులకుండ చూచుకొనవలెను. వైద్యులు చెప్పినన్ని వారములు కళ్ళజోడు ముక్కుపై మోపరాదు.

శస్త్రవైద్యుని పని కొన్ని గంటలలో ముగిసినను, ఇంటివారి పని నెలల తరబడి యుండును. ఇట్టివారిని చూడబోవు సోదరీమణులకు మా మనవి యొక్కటే: “ముక్కెట్లున్నది?” అని మొగములోనికి తేఱిపాఱ చూడకుడు. “అన్నము తింటివా? నిద్రపట్టినదా?” యని యడుగుడు.