ఊహించడం రాని తేనెటీగ

ఇన్నేళ్ళూ ఇలాంటిదొకటి ఉందని నాకెవరూ చెప్పలేదేం? జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. నా సరంజామా అంతా ఒక కర్ర వృత్తలేఖిని, కోణమానిని, సుద్దముక్క, మహా అయితే అట్టలు కత్తిరించి చేసుకున్న త్రిభుజాలు. మొన్న ఇంగ్లండ్‌లో, రెడింగ్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, మనవరాలి బళ్ళో ఇంట్లోవాళ్ళని తరగతిలోకి రానిచ్చే రోజొకటి తగిలింది. వెళ్ళాను. ఒకటో తరగతి, అందరూ ఐదారేళ్ళ పిల్లలు. నేలమీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో పసుపు, నలుపు చారలతో ఒక ప్లాస్టిక్ తేనెటీగ. పేరు బీ-బాట్. ఆ రోజునుంచి ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ దాని గురించే చెబుతున్నాను. మా అమ్మాయికి విసుగొచ్చేసింది, ఇప్పుడు మీ వంతు.

ముందు అందులో ఏం లేవో చెప్పాలి. తెర లేదు. కీబోర్డు లేదు. ఫోనూ అక్కర్లేదు. వీపుమీద ఏడు బొత్తాలు, అంతే. ముందుకి, వెనక్కి, ఎడమకి, కుడికి నాలుగు బాణాలు, మధ్యలో ‘గో’, కాసేపు ఆగమనడానికి ఒకటి, చెప్పిందంతా చెరిపెయ్యడానికి ఒకటి. ముందు బాణం ఒకసారి నొక్కితే 15 సెంటీమీటర్లు పోతుంది. తిరగమంటే నిలబడ్డ చోటే 90 డిగ్రీలు తిరుగుతుంది. ఇందులో అంత గొప్పేముంది, తిరునాళ్ళలో కీ ఇస్తే పరిగెత్తే బొమ్మలు దొరకవా అంటారా? ఆగండి. బాణం నొక్కగానే ఇది కదలదు. కిటుకంతా అక్కడే ఉంది. నొక్కినవన్నీ వరసగా జ్ఞాపకం పెట్టుకుని ఊరుకుంటుంది. పాత రకానివి 40 ఆదేశాలు గుర్తుంచుకునేవి, కొత్తవి 200. చివర్న ‘గో’ నొక్కాకే బయల్దేరుతుంది, ఆ తర్వాత మనం ఎంత అరిచినా దానికి పట్టదు.

రిమోటు కారైతే గోడకి తగలబోతుంటే చటుక్కున తిప్పేస్తాం. కళ్ళతో చూస్తూ చేత్తో సర్దుకుంటూ పోతాం. దీని దగ్గర ఆ పప్పులుడకవు. దారంతా ముందు బుర్రలో నడిచి తీరాలి. ఐదేళ్ళ పిల్ల పెదాలు కదుపుతూ, గాల్లో వేలితో మలుపులు తిప్పుకుంటూ, ఇంకా జరగని ప్రయాణాన్ని చూస్తోంది! పదో తరగతి పిల్లల చేత, నిరూపణ రాయడం మొదలెట్టేముందు చివరిదాకా ఆలోచింపజెయ్యడానికి పడ్డ పాట్లు నాకు తెలుసు.

నేలమీద గళ్ళ షీటు పరిచారు. ఈగ అడుగెంతో గడి కూడా అంతే, 15 సెంటీమీటర్లు. గళ్ళలో ఊరి బొమ్మలు: ఇళ్ళు, బడి, రొట్టెల దుకాణం, చెరువు, లైబ్రరీ. ఈగని ఇంటినుంచి లైబ్రరీకి చేర్చాలి. ఒక పిల్లాడు ఎడమ పక్క గడిలోకి పంపాలని ఎడమ బాణం నొక్కి ‘గో’ కొట్టాడు. ఈగ ఎడమకి తిరిగి, కళ్ళు మెరిపించి, అక్కడే నిలబడిపోయింది. వాడు ఈగని చూశాడు, ఈగ గోడని చూసింది. అంతే, నలుగురూ ఒకేసారి మాట్లాడేశారు. తిరగడం వేరు, వెళ్ళడం వేరు! టీచరమ్మ నోరు విప్పలేదు.

తర్వాత ఇంకా పెద్ద చిక్కొచ్చింది. ఈగ మనవైపు చూస్తుంటే దాని కుడి మనకి ఎడమవుతుంది. ఒకమ్మాయి కాసేపు తికమకపడి, లేచి, షీటు అవతలికి పోయి, ఈగ వెనకాల నిలబడి, అది చూసేవైపే తానూ చూస్తూ తన ఒంటినే పక్కకి తిప్పింది. సరిపోయింది! అలా చెయ్యమని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. పక్కన ఇంగ్లీషు తాతగారొకాయన గంభీరంగా కూర్చున్నాడని తమాయించుకున్నాను.

మా మనవరాలి వంతు వచ్చేసరికి ఈగకి పూనకం వచ్చింది. పిల్ల నొక్కింది మూడే మూడు. అదేమో ముందు ఎటెటో తిరిగొచ్చి, ఆ తర్వాత తీరుబడిగా ఈ మూడూ చేసింది. అంతకుముందు ఆడిన పిల్లాడి ఆదేశాలు చెరపలేదు, కొత్తవి వాటి చివర చేరాయి. ఇంటికి నడుస్తూ నాకు పాఠం చెప్పింది: “అమ్మమ్మా, అది దానంతటది మర్చిపోదు. మర్చిపోమని మనమే చెప్పాలి.” కంప్యూటర్ మెమరీ గురించి ఇంత తేటగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

ఇక తప్పుల సంగతి. మా తరగతుల్లో తప్పంటే ఎర్ర సిరా. ఇక్కడ ఈగ లైబ్రరీకి బదులు చెరువులో తేలితే అందరూ పడీపడీ నవ్వుతారు, ఆ వెంటనే ఎన్నో అడుగు దగ్గర దారి తప్పిందో వెతుకుతారు. కాగితంమీద గీసుకున్న బాణాలమీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ ఈగని చేత్తో నడిపిస్తారు. దొరగ్గానే ఆ ఒక్క బాణం మారుస్తారు. దీన్ని ‘డీబగ్’ చెయ్యడం అంటారు. ‘నా వాటర్ బాటిల్ ఏది’ అన్నంత మామూలుగా అంటారా మాట. అమ్మకి సగం చెబితే మిగతా సగం అర్థమైపోతుంది. ఈగకి చెప్పింది చెప్పినట్టే. కోప్పడదు, జాలిపడదు, మన మనసులో ఏముందో ఊహించదు. అందుకే పిల్లల చూపు తాము చెప్పిన మాటమీదికి పోతుంది. ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలకి అల్గారిథమ్ అంటే ఏమిటో చెప్పాలనీ, చిన్నచిన్న ప్రోగ్రాములు రాయించి, తప్పులు వాళ్ళ చేతే సరిదిద్దించాలనీ ఇంగ్లండ్‌లో 2014 సెప్టెంబరునుంచి ప్రభుత్వ పాఠ్యప్రణాళికలోనే ఉంది.

ఈ పిచ్చి పట్టుకుని వెనక్కి తవ్వుకుంటూ పోయాను. ఈ ఈగకి తాత ఒక తాబేలు! 1940ల చివర బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు వెలుతురు వెతుక్కుంటూ పాకే యంత్ర తాబేళ్ళు చేశాడు. ఎల్మర్, ఎల్సీ వాటి పేర్లు. పిల్లల చేతికి తాబేలునిచ్చింది మాత్రం సీమూర్ పాపర్ట్. 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టిన గణితవేత్త, జెనీవాలో కొన్నేళ్ళు మనస్తత్వవేత్త జీన్ పియాజే దగ్గర పనిచేశాడు. అవును, మనం బి.ఎడ్.లో బట్టీ పట్టిన పియాజేనే! 1967లో అమెరికాలో వాలీ ఫర్‌జైగ్, సింథియా సోలొమన్ తదితరులతో కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశాడు. కొంతకాలానికి ఆ భాషకి తాబేలు రోబో తోడైంది. ఇంత దూరం నడు, ఇన్ని డిగ్రీలు తిరుగు అంటే నేలమీద పరిచిన కాగితంమీద పాకుతూ, పొట్టకింది పెన్నుతో గీత గీస్తుంది.

నాకు నిద్రపట్టనివ్వనిది ఈ తాబేలే. వృత్తం గియ్యాలంటే మనమేం చెబుతాం? కేంద్రం, వ్యాసార్థం, వృత్తలేఖిని ముల్లు జారకుండా పట్టుకో. తాబేలుకి కేంద్రమెక్కడుందో తెలియనే తెలియదు. ఒక అడుగు నడు, ఒక డిగ్రీ తిరుగు. 360 సార్లు. వృత్తం! మీరే తాబేలై నడిచి చూడండి అనేవాడట పాపర్ట్ పిల్లలతో. సమబాహు త్రిభుజం ఇంకా తమాషా. కోణం 60 కదా అని 60 డిగ్రీలు తిప్పుతూ పోతే తాబేలు షడ్భుజి గీసి మన ముఖాన పెడుతుంది. తిప్పాల్సింది 120. త్రిభుజానికి మూడు 120లు, చతురస్రానికి నాలుగు 90లు, షడ్భుజికి ఆరు 60లు, ఏది కూడినా 360. బయల్దేరిన చోటికి, బయల్దేరినప్పటిలాగే చూస్తూ తిరిగొచ్చామంటే ఒక పూర్తి చుట్టు తిరిగినట్టే కదా మరి! బహుభుజి బాహ్యకోణాల మొత్తం 360 డిగ్రీలని ఏళ్ళ తరబడి బోర్డుమీద నిరూపించాను. నిరూపణ సరైనదే, మార్కులూ పడేవి. కానీ బహుభుజి చుట్టూ ఒకసారి నడిచొచ్చినవాడికి నిరూపణతో పనేముంది?

ఇంకో పేరు చెప్పకపోతే నాకు తోచదు. రేడియా పెర్ల్‌మన్. 1970ల్లో ఎంఐటీలో చదువుకుంటూ, ఇంకా అక్షరాలు రాని పిల్లల కోసం తాబేలుకి ఒక బొత్తాల పెట్టె చేసింది. ఆ తర్వాత, కార్డులు వరసగా గుచ్చితే ప్రోగ్రామైపోయే ఇంకో పెట్టె. మూడు నాలుగేళ్ళ పిల్లలు వాటితో ఆడుకున్నారు. ఈగ వీపుమీది బొత్తాలు చూస్తే నాకు ఆవిడే కనబడుతుంది. తర్వాత నెట్‌వర్కులవైపు వెళ్ళి, స్పానింగ్ ట్రీ ప్రొటోకాల్ రూపొందించి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. చుట్టూ మగవాళ్ళున్న చోట, చంటిపిల్లల పని చేస్తుంటే తనని శాస్త్రజ్ఞురాలిగా లెక్కచెయ్యరేమోనని బెరుకుపడ్డానని తర్వాతెప్పుడో చెప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది. చిన్నపిల్లలకి చెప్పేవాళ్ళంటే చులకన అక్కడా ఉందన్నమాట!

సరే, మళ్ళీ ఈగ దగ్గరికి. మూడు గళ్ళు తూర్పుకి, రెండు గళ్ళు ఉత్తరానికి పంపాలనుకోండి. వెనకడుగు వెయ్యకుండా ఎన్ని దారులున్నాయి? పది. ఇంటర్‌లో సంయోగాలు చెప్పేటప్పుడు వచ్చే లెక్క ఇది. ఏ దారైనా ఐదడుగులే. కానీ తూర్పు ముఖంగా బయల్దేరి, తిన్నగా పోయి, ఒక్కసారి తిరిగితే, ‘గో’ కాక, ఆరు నొక్కుళ్ళతో పనైపోతుంది. మెట్లు మెట్లుగా పోతే తొమ్మిది కావాలి. “దూరం ఒకటే అమ్మమ్మా, చెప్పడమే ఎక్కువ,” అని మా మనవరాలు తేల్చేసింది.

ఆరేళ్ళ పిల్ల చేత యాప్ తయారుచేయిస్తామనే ప్రకటనలు మన దగ్గర చాలా చూశాను. వాటిమీద నాకు మొదటినుంచీ గురి లేదు, ఇప్పుడూ లేదు. అది పిల్ల ఒక్కర్తీ తెర ముందు కూర్చునే చదువు. ఈగ దగ్గర నలుగురూ పోట్లాడుకుంటూ నేలమీద పాకుతున్నారు. మన 2020 జాతీయ విద్యావిధానం కోడింగ్‌ని ఆరో తరగతినుంచి మొదలుపెడదామంది, మంచిదే. నేలమీది ఆటకి అంతదాకా ఆగక్కర్లేదు. ఇక ఖర్చంటారా, ఊళ్ళో బడికి ఈ ఈగల్ని కొనడం భారమే. కొనకుండానూ ఆడొచ్చు.

తిరిగొచ్చాక, సెలవులకి మా తమ్ముడి మనవలు దిగితే, వాకిట్లో ముగ్గుపిండితో గళ్ళు గీశాను, తొక్కుడుబిళ్ళకి గీసినట్టే. ఒకడు రోబో, మిగతావాళ్ళు కాగితంమీద బాణాలు రాసి ఇవ్వాలి. రోబోకి ఒకటే షరతు, సొంత తెలివి వాడకూడదు. అన్నిటికన్నా కష్టం అదే! పెద్దవాడు బాణం తప్పున్నా బుద్ధిమంతుడిలా సరైన గడిలోకే జరిగిపోయేవాడు. చిన్నవాడు మాత్రం అచ్చమైన యంత్రం. ముందుకి ఆరు అని రాసిస్తే ఐదుకే గోడ వచ్చింది. వాడు ముక్కు గోడకానించి కాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. “గోడుంటే ఆగమని వీళ్ళు రాయలేదు మామ్మా!”

బీ-బాట్‌కీ గోడ కనబడదు. ఎదురుగా ఏముందో చూసుకుని ఎటు పోవాలో తేల్చుకునే రోబోలు వేరే ఉన్నాయి, స్విట్జర్లాండ్‌లో ఈపీఎఫ్‌ఎల్ సంస్థలో పుట్టిన థిమియో అలాంటిదే, దానికి సెన్సార్లుంటాయి. మా వాకిట్లో సెన్సారు చిన్నవాడి ముక్కు. మిగతావాళ్ళు కాగితం లాక్కుని కొత్త నియమం రాశారు: గోడుంటే కుడికి తిరుగు, లేకపోతే ముందుకి నడు. బాగా పనిచేసింది. ఎంత బాగా అంటే, వాడు ప్రహరీగోడల వెంబడి వాకిలి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. అన్నానికి పిలిచాను, ఆగలేదు. వాళ్ళమ్మ వచ్చి పిలిచింది, ఆగలేదు. ఎప్పుడు ఆగాలో కాగితంమీద లేదట.