బొమ్మ కింద లేని పేరు

ఆర్ట్ అండ్ కల్చర్ నోట్సులో 'కంపెనీ చిత్రకళ' దగ్గర మీరేం రాసుకున్నారో ఓసారి చూడండి. బహుశా రెండు వాక్యాలే ఉంటాయి: ఈస్టిండియా కంపెనీ అధికారుల కోసం భారతీయ చిత్రకారులు వేసినవి, మన శైలి, యూరప్ పద్ధతి కలిసినవి. ప్రిలిమ్స్‌కి అది సరిపోతుంది. కానీ ఆ రెండు వాక్యాల వెనక మన గోదావరి జిల్లా కూడా ఉందని నాకు కోల్‌కతాలో తెలిసింది.

వేరే ఉద్యోగ పరీక్ష రాయడానికి అక్కడికి వెళ్లాను. తిరుగు రైలు మర్నాడు రాత్రికి. విక్టోరియా మెమోరియల్ దగ్గర జనం ఎక్కువగా ఉంటారని, హుగ్లీ నది దాటి హౌరా వైపున్న శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌కి బస్సెక్కాను. 1787లో రాబర్ట్ కిడ్ అనే కంపెనీ సైనికాధికారి మొదలుపెట్టిన తోట ఇది. ఇప్పుడు జగదీశ్ చంద్రబోస్ పేరు మీద ఉంది. వచ్చినవాళ్లలో చాలామంది మహా మర్రిని చూసి వెళ్లిపోతారు. తెగులు పట్టిన అసలు మానును 1925లోనే తీసేశారు, చెట్టంతా ఊడల మీదే నిలబడి ఉంది. నేను ఇంకాస్త నడిచి నది ఒడ్డునున్న పాత భవనం దాకా వెళ్లాను. అది విలియం రాక్స్‌బర్గ్ ఇల్లు.

ఆ పేరు ఫోన్‌లో వెతికితే మొదట కనబడిన ఊరు సామర్లకోట. మాది పెద్దాపురం. నేను రైలెక్కింది సామర్లకోట స్టేషన్‌లోనే!

స్కాట్లాండ్ నుంచి డాక్టరుగా వచ్చిన రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ మిరియాల తోట పెంచాడు, వాతావరణ వివరాలు రాసుకున్నాడు, చుట్టుపక్కల మొక్కలు సేకరించాడు. భారతీయ చిత్రకారులను పెట్టుకుని వాటి బొమ్మలు వేయించడం మొదలుపెట్టాడు. 1793లో కలకత్తా తోటకు సూపరింటెండెంట్‌గా వెళ్లాక కూడా ఆ పని ఆపలేదు. అలా తయారైన బొమ్మలు 2,500కు పైనే. ఒక సెట్టు లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో ఉంది, ఇంకొకటి ఇదే తోటలోని హెర్బేరియంలో ఉంది. వాటిలోంచి ఏరిన 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గురించి మూడు సంపుటాలు లండన్‌లో అచ్చయ్యాయి. మొదటిది వెలువడింది 1795లో.

ఆ సంపుటాలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. అక్కడే చెట్టు నీడన కూర్చుని ఒక్కో పేజీ తిప్పాను. మీరూ ఇంజనీరింగ్ చదివి ఉంటే చూడగానే గుర్తుపడతారు, అవి అచ్చం మన ఇంజనీరింగ్ డ్రాయింగ్ షీట్లే. పైన కొమ్మ, ఆకులు, పూలు. కింద పువ్వును విప్పి, కేసరాలు విడదీసి, కాయను కోసి పెద్దవి చేసి చూపిన భాగాలు. ఫ్రంట్ వ్యూ, సెక్షన్, డీటెయిల్ అన్నీ ఉన్నాయి. అయినా మోదుగ పువ్వు పువ్వులాగే ఉంది. కొలత తప్పకుండా అందం నిలబెట్టడం ఎంత కష్టమో డ్రాఫ్టర్ పట్టుకున్నవాళ్లకు తెలుసు.

డ్రాయింగ్ షీటులో కుడివైపు కింద ఒక గడి ఉంటుంది కదా: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ఈ పుస్తకంలో చివరి రెండు గడులు నిండాయి. వివరాలు రాసిన రాక్స్‌బర్గ్ పేరుంది, ప్రచురణ చూసుకున్న జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. గీసినవారి గడి ఖాళీ.

విచిత్రమేమిటంటే రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లు మాత్రం శ్రద్ధగా రాసుకున్నాడు. జ్వరానికి వాడే సోమిద చెక్క గురించి ఆయన రాశాడు. తర్వాత ఆ చెట్టు ప్రజాతికి 'సోయ్‌మిడా' అనే శాస్త్రీయ నామం మన తెలుగు మాట నుంచే వచ్చింది. చెట్టు పేరు ప్రపంచమంతా వెళ్లింది, దాన్ని కాగితం మీదికి తెచ్చిన చెయ్యి ఎవరిదో నమోదు కాలేదు.

'ఆ రోజుల్లో అంతేలే' అని మీరనొచ్చు. కానీ ఇదే తోటకు తర్వాత సూపరింటెండెంట్ అయిన నథానియల్ వాలిచ్ 1829లో ప్రచురణ మొదలుపెట్టిన పుస్తకంలో బొమ్మల కింద విష్ణుప్రసాద్, గోరాచంద్ అనే చిత్రకారుల పేర్లున్నాయి. అంటే పేరు వేయడం అప్పుడూ సాధ్యమే. వేయాలనుకోవాలి, అంతే.

ఇదంతా మనకెందుకంటే, రేపు మనం చేయబోయే ఉద్యోగంలో ఎక్కువ భాగం ఇంకొకరు తయారుచేసిన కాగితం మీద సంతకం పెట్టడమే. సర్వేయర్ కొలుస్తాడు, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరుగుతుంది, నివేదిక మీద పేరు మనది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరూరా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయించాలి. స్థానిక మొక్కలతో పాటు, వాటి సంగతి తెలిసిన మనుషుల వివరాలకూ వాటిలో చోటుంది. జీఎస్ మూడో పేపర్లో చట్టం గురించి అడిగితే 'ప్రయోజనాల పంపకం' అని రాసేసి ముందుకు వెళ్తాం. కానీ మందు చెక్క చూపించింది ఎవరో రాయకపోతే, రేపు పంచాల్సింది ఎవరికి?

ఆ రిజిస్టరు ఎప్పుడైనా మీ బల్ల మీదికి వస్తే మొక్కల జాబితా కన్నా ముందు మనుషుల పేజీ తెరవండి. ఖాళీగా ఉంటే సంతకం చేయకుండా వెనక్కి పంపండి. ఆ పేరు ఈరోజు అడిగి రాయడానికి ఒక్క నిమిషం చాలు. రెండు వందల ఏళ్ల తర్వాత వెతికితే క్యూ గార్డెన్స్‌లో కూడా దొరకదు.