మూడో మాత్ర

డిప్రెషన్‌కి మందులు వాడాలా వద్దా అని చాలామంది కొట్టుకుంటూ ఉంటారు. నేను ఆ గొడవలోకి పోను. వాడాలి అని తేలిపోయాక, ఏ మందు అన్నది తేలడానికి ఎంత కాలం పడుతుందో, ఆ మధ్యలో మన గతేమిటో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు. నాకు 11 నెలలు పట్టింది, మూడు మందులు మారాయి. అందుకే ఈ సోది. (నేను డాక్టర్ని కాదు, కంప్యూటర్ల వాణ్ణి. నాకు పడింది మీకు పడాలని లేదు. అసలు నేను చెప్పబోయేదే అది.)

నాది సినిమాల్లో చూపించే టైపు డిప్రెషన్ కాదు. గెడ్డం పెంచడం, వానలో తడవడం లాంటివేం లేవు. రోజూ తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసేది. ఆఫీసులో నాలుగు లైన్ల కోడు పదిసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. ఆవకాయన్నం కూడా చప్పగా ఉండేదంటే గోదారి జిల్లాల వాళ్ళకి నా పరిస్థితి ఇట్టే అర్థమైపోతుంది :) నాలుగు నెలలు చూసి చూసి మా రూమ్మేటే సైకియాట్రిస్టు దగ్గరికి లాక్కెళ్ళాడు. హైదరాబాదులో ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాల్రా" అనడం మామూలే కదా. నేనూ ఎన్నిసార్లు నవ్వానో. ఆటోలో కూర్చున్నంతసేపూ ఆ జోకే గుర్తొచ్చింది.

డాక్టరమ్మ పెద్దావిడ. థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఇంజనీరింగ్ బుర్ర ఊరుకోదుగా, "మేడమ్, నాకు ఏ మందు పనిచేస్తుందో ముందే చెప్పే టెస్టు ఏదైనా ఉందా?" అని అడిగాను. "అలా కచ్చితంగా చెప్పేది లేదు బాబూ. వేసి చూడాలి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. పనిచేస్తే సరే, లేకపోతే ఇంకోటి" అన్నారు. నిజం చెప్పొద్దూ, నీరసం వచ్చేసింది. మా ఉద్యోగంలో దీన్ని ప్రొడక్షన్‌లో టెస్టింగ్ అంటారు. చేసినవాడికి అక్షింతలు పడతాయి.

తర్వాత చదివితే ఆవిడ ఉన్నమాటే చెప్పారని అర్థమైంది. అసలీ మందుల పుట్టుకే అలాంటిది. 1950ల మొదట్లో ఐప్రోనియాజిడ్ అనే మందుని టీబీ రోగులకి ఇస్తే వాళ్ళు ఉన్నట్టుండి హుషారైపోయారట. స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే డాక్టరు స్కిజోఫ్రీనియాకి పనికొస్తుందేమోనని ఇమిప్రమీన్ వాడి చూస్తే, దానికి కాక డిప్రెషన్‌కి పనిచేసింది. 1957లో ఆ సంగతి బయటపెట్టాడు. మందు ముందు దొరికింది, సిద్ధాంతం తర్వాత అల్లారు. సెరటోనిన్ తక్కువవడం వల్లే డిప్రెషన్ వస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవని 2022లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అది వాట్సాప్‌లో "మందులన్నీ మోసం" అయిపోయి మా బావ ద్వారా నాకే చేరింది! జ్వరం పారాసిటమాల్‌కి తగ్గిందంటే ఒంట్లో పారాసిటమాల్ తక్కువై జ్వరం వచ్చిందని కాదు కదా బావా. 2018లో లాన్సెట్‌లో 522 ట్రయల్స్‌ని కలిపి చూస్తే 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగనే తేలింది, సగటున ఆ తేడా పెద్దదేం కాకపోయినా. అమెరికాలో స్టార్-డి అనే పరిశోధన జరిగింది. 2006లో వచ్చిన దాని ఫలితాల్లో మొదటి మందుతోనే పూర్తిగా తేరుకున్నవాళ్ళు దాదాపు మూడో వంతు. ఆ తర్వాతి మందుల అంకెల మీద 2023లో పెద్ద రగడే అయింది. మొదటి మందు పనిచెయ్యకపోతే అది నా ఖర్మేమీ కాదు, ఎక్కువమందికి జరిగేదే అని తెలియడం మాత్రం నాకు చాలా అక్కరకొచ్చింది.

మొదటిది ఎస్సిటలోప్రామ్. ఒక వారం 5 మిల్లీగ్రాములు, తర్వాత 10. మొదటి పది రోజులూ కడుపులో ఒకటే తిప్పు. ఒంట్లో ఉండే సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుందట, అక్కడ కదలిక రాకుండా ఎలా ఉంటుంది? ఆవలింతలు, చెమట, ఉన్న కంగారు కాస్తా రెట్టింపు. మొదట్లో ఇలా అవుతుందని ఆవిడ ముందే చెప్పారు. కుర్రవాళ్ళలో మొదటి వారాల్లో పిచ్చి ఆలోచనలు పెరగొచ్చనీ, అలాంటిదేమైనా ఉంటే వెంటనే ఫోన్ చెయ్యమనీ మా రూమ్మేట్‌ని కూర్చోబెట్టి మరీ చెప్పారు. (ఈ విషయంలో అమెరికా ఎఫ్‌డీఏ 2004లో పిల్లల గురించి హెచ్చరిక పెట్టి, 2007లో దాన్ని 24 ఏళ్ళ వరకూ పెంచింది. మనకి టెలీ మానస్ ఉంది, 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు.) తిన్నాక వేసుకోవడం, కాఫీ ఒక కప్పుకి తగ్గించడం, ఇంతే నేను చేసింది. రెండు వారాలకి కడుపు సర్దుకుంది.

ఆరో వారానికి ఏడుపు మొహం పోయింది. దాంతోపాటు ఇంకేదో కూడా పోయింది. మా పెదనాన్న పోయారని కబురొస్తే ఊరెళ్ళాను. నాకు సైకిలు నేర్పిందాయనే, చెరువుగట్టు మీద వెనక సీటు పట్టుకుని పరిగెత్తేవారు. అందరూ ఏడుస్తున్నారు. నేను టెంట్ల వాడికి అడ్వాన్సు ఎంతిచ్చారో లెక్క చూస్తున్నాను. ఏడుపు ఆపుకోవడం కాదండీ, అసలు లోపల ఏమీ లేదు. పెద్దమ్మ నా మొహంలోకి చూసి "గుండె రాయి చేసుకున్నావురా నాన్నా" అంది. ఆ మాట ఎక్సెల్ షీటులో ఏ కాలమ్‌లో రాయాలో తెలియలేదు. (అవును, షీటు పెట్టాను. నిద్ర, ఆకలి, మూడ్, సైడ్ ఎఫెక్టులు. డాక్టరమ్మ చూసి నవ్వి, "రోజుది వద్దు, వారం సగటు చూడు" అన్నారు. మంచి సలహా.)

ఇంకోటుంది. మొహమాటమే గానీ ఇది వదిలేసి మిగతావి ఎన్ని రాసినా దండగ. ఈ మందులతో కోరికలు తగ్గిపోతాయి, ఉన్నా పని కాదు. నాకూ అంతే. చెప్పడానికి నోరు రాలేదు, ఆవిడే వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగారు. "చాలామంది ఇది చెప్పకుండా మందు మానేస్తారు. జబ్బు తిరగబెట్టాక వస్తారు" అన్నారు. సరిగ్గా అదే నెలలో అమ్మ భీమవరం సంబంధం ఒకటి పట్టుకొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలీదు, ఏడుపు ఎలాగూ రాదు.

రెండోది వెన్లాఫాక్సిన్. చెమటలు బాగా పట్టేవి, వెళ్ళినప్పుడల్లా బీపీ చూసేవారు. బుర్ర మాత్రం పనిచెయ్యడం మొదలెట్టింది. ఇదేనేమో అనుకుంటుండగా ఆఫీసు పని మీద పుణే వెళ్ళాల్సొచ్చింది. విమానం నిండిపోయిందని గేటు దగ్గర నా చేతిసంచీ కూడా లాక్కుని కింద పడేశారు. అది నాతో పాటు దిగలేదు, మూడో రోజుకి వచ్చింది. మాత్రలు అందులోనే ఉన్నాయి. ఆదివారం, ఆ పవర్ మాత్ర తెరిచిన షాపుల్లో దొరకలేదు. రెండో రోజుకి తల తిప్పితే చాలు బుర్రలో చిన్న కరెంటు షాకు, పాత ట్యూబులైటు వెలగబోయి ఆగినట్టు. వాంతి, కారణం లేని కోపం. ఇదేదో మత్తుమందు అలవాటు లాంటిదని భయపడ్డాను. కాదట. ఈ మందు ఒంట్లోంచి గంటల్లోనే వెళ్ళిపోతుంది, అదే ఫ్లూఆక్సెటిన్ అయితే పూర్తిగా పోవడానికి వారాలు పడుతుంది. త్వరగా దిగిపోయే మందు ఆగితే ఒళ్ళు గగ్గోలు పెడుతుంది. అందుకే మానేటప్పుడు మెట్లు మెట్లుగా దింపుతారు. నాకు 150 నుంచి 75, అక్కణ్ణుంచి 37.5, ఇలా దింపుతూ మూడోది మొదలెట్టారు.

మూడోది మిర్టాజపిన్. రాత్రి 9కి వేసుకుంటే పదింటికి కట్టేసినట్టు నిద్ర. పొద్దున్న తొమ్మిదిన్నర మీటింగులో మొదటి రెండు వారాలూ నేను ఏం మాట్లాడానో నాకే తెలీదు. తర్వాత తగ్గింది. పై మొహమాటపు గొడవ ఈ మందుతో తక్కువ, నాకైతే పూర్తిగా పోయింది. ఒకరోజు రాత్రి ఫ్రిజ్ ముందు నిలబడి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని రెండోసారి కలుపుకుంటున్నాను. కారం నషాళానికంటింది. కళ్ళల్లో నీళ్ళు. అలా నిలబడి చాలాసేపు ఏడ్చాను, పెదనాన్న కోసమే అనుకుంటా. రూమ్మేట్ గాడు లేచొచ్చి కంగారు పడ్డాడు పాపం.

ఆకలి ఊరికే రాలేదు లెండి. 64 కిలోల వాణ్ణి నాలుగు నెలల్లో 72 అయ్యాను. అమ్మకి మాత్రం తెగ సంతోషం, "ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అని.

అమ్మతో పేచీ అది కాదు. "మాత్రల సంగతి పెళ్ళివాళ్ళకి చెప్పకురా, షుగరు మాత్రలని చెబుదాం" అంటుంది. షుగరు ఉందంటే పరవాలేదు గానీ ఇది ఉందంటే పరువు పోతుందన్నమాట! నేను ఒప్పుకోలేదు. ఒకే ఇంట్లో ఉంటూ రోజూ రాత్రి 9కి బాత్రూంలోకెళ్ళి మాత్ర మింగే బతుకు నాకొద్దు. భీమవరం అమ్మాయికి ఫోన్లోనే చెప్పాను. ఆ అమ్మాయి మర్యాదగా విని, నాలుగు ప్రశ్నలడిగింది. వాళ్ళ నాన్నగారు మర్నాడు "జాతకాలు కుదర్లేదు" అని కబురు పంపారు. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత వచ్చిన సంబంధానికీ చెప్పాను, ఇంకా ఏ సంగతీ తెలీదు.

బాగైపోయింది కదా అని మానెయ్యడానికి లేదు, బాగున్నాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలన్నారు. నాకిప్పుడు నాలుగో నెల. 22న మళ్ళీ వెళ్ళాలి, ఈ బరువు సంగతేమిటో గట్టిగా అడగాలి.