పన్ను పీకించుకోబోయి ఆగాను!

మింగితే గొంతులో, నమిలితే దవడలో, పడుకుంటే చెవిలో - ఒకటే నొప్పి మీకెప్పుడైనా ఇలా మూడు చోట్ల తిరిగిందా? నాకు తిరిగింది. ఆ సంగతి చెబుతాను, మీకు పనికొస్తుంది.

మాది సిరిసిల్ల. నిరుడు చలికాలంలో జలుబు, జ్వరం వచ్చి తగ్గాయి. రెండు వారాలకు మెడ ముందు భాగంలో నొప్పి మొదలై చెవిదాకా పాకింది. చెవిలో చుక్కలు, యాంటీబయాటిక్ మాత్రలు అన్నీ అయ్యాయి. ఇక పన్ను పీకించుకుందామనుకున్నాను. ఇంతలో గుండె దడ, చేతుల వణుకు. రక్త పరీక్షలో టి.ఎస్.హెచ్. బాగా తక్కువ. “థైరాయిడ్ ఎక్కువైంది వదినా” అంటూ మా మరిది, అదే జబ్బున్న స్నేహితుడు వాడే మాత్రలు తెచ్చాడు.

పుట్టింటికి కోరుట్ల వెళితే అమ్మ వాటిని వేసుకోనివ్వలేదు. జగిత్యాలలో డాక్టరుకు చూపించింది. ఆయన రిపోర్టు పక్కన పెట్టి మెడ మీద వేలితో నొక్కారు. ప్రాణం పోయినట్టయింది! ఇ.ఎస్.ఆర్. చేయిస్తే చాలా ఎక్కువ వచ్చింది.

“ఇది థైరాయిడ్ గ్రంథి వాపమ్మా. గ్రంథి హార్మోను ఎక్కువ తయారు చేయడం లేదు. దెబ్బతిని, నిలవున్నది కారిపోతోంది. గోలెం పగిలితే బోరు బంద్ చేసి ఏం లాభం? తయారీని ఆపే ఆ మాత్రలు నీకు పనికిరావు” అన్నారు.

1904లోనే స్విస్ సర్జన్ డి కెర్వాన్ ఈ జబ్బును వర్ణించారట. సాధారణంగా వైరస్ జ్వరం తరువాత వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ.

నొప్పికి ఇబుప్రొఫెన్, దడకు ప్రొప్రనలాల్ రాశారు. (ఆస్తమా ఉన్నవారికి ఈ రెండోది కూడదు.) వారమైనా తగ్గకపోతే ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. రెండు రోజుల్లో అన్నం మింగగలిగాను. అయితే బాగైందని దాన్ని ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. షుగరు, కడుపులో పుండు ఉంటే ముందే చెప్పండి.

మూడో నెలలో అలసట, చలి. ఈసారి టి.ఎస్.హెచ్. ఎక్కువ! ఖాళీ అయిన గోలెం నిండేదాకా అంతే. తరువాత సర్దుకుంది. చాలామందికి ఏడాదిలోపు నయమవుతుంది. కొద్దిమందికే థైరాక్సిన్ మాత్ర ఎప్పటికీ అవసరం. అందుకే మధ్యమధ్య పరీక్ష మానకండి.

మెడ ఎర్రబడి చలిజ్వరం వచ్చినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి: డాక్టరుకు రిపోర్టు ఒక్కటే కాదు, నొప్పి ఎక్కడుందో కూడా చూపించండి.